మీ బిడ్డ ఏ బళ్లె సదువుతుంది, టీచరమ్మా?

2025 జూన్. బడిబాట. మృగశిర దాటినా ఎండ తగ్గలేదు. చేతిల కరపత్రాలు, సంకల బ్యాగు, వెంబడి ఇంకొక టీచరు. కంఠేశ్వర్ల మెయిన్ రోడ్డు మీది బిల్డింగులు, దవాఖానలు, ర్యాంకుల ఫోటోలతోని నిండిన ప్రైవేటు బళ్ల ఫ్లెక్సీలు దాటి లోపలికి పోతే ఒక గల్లీ ఉంటది. మున్సిపాలిటీల సాఫు జేసేటోళ్లు, అడ్డా కూలీలు, బీడీలు జేసేటోళ్లు ఉండే గల్లీ. నిజామాబాద్ 2005ల కార్పొరేషన్ అయింది. ఆ గల్లీకి మాత్రం ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఒక ఇంటి ముంగట ఆగినం. ఆమె పొద్దటి డ్యూటీ చేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నది. పొడుగు కట్టె చీపురు గోడకు ఆనిచ్చి ఉంది. ఇద్దరు పిల్లలు, ఒక పోరడు, ఒక పోరి. నేను ప్రతి ఇంటి ముందు చెప్పిందే చెప్పిన. అక్కా, మన సర్కారు బళ్ల ఫీజు లేదు. పుస్తకాలు ఉత్తగనే ఇస్తరు. రెండు జతల బట్టలు. పగటీలి అన్నం, వారానికి మూడు కోడిగుడ్లు. ఇంగ్లీషు మీడియం సుత ఉంది. పరీక్షలు రాసి గెలిచి వచ్చిన టీచర్లం మేము.

ఆమె మొత్తం విన్నది. స్టీలు గిలాసల నీళ్లు ఇచ్చింది. నేను తాగిన. నా వెంబడి వచ్చినామె బాటిల్ తెచ్చుకున్న అన్నది. అప్పుడు ఆ తల్లి కొంగుతోని మొఖం తుడుచుకుంట అడిగింది.

"అన్నీ బాగనే ఉన్నయి గని, మీ బిడ్డ ఏ బళ్లె సదువుతుంది, టీచరమ్మా?"

నా పక్కనామె ఫోను తీసి చూసుకునుడు మొదలుపెట్టింది. నేను, "చిన్నదక్కా ఇంకా" అన్న. అబద్ధం. నా బిడ్డ నాలుగో తరగతి. నాలుగేండ్లనుంచి ప్రైవేటు బళ్లె చదువుతున్నది. పసుపుపచ్చ బస్సు మా ఇంటి ముందుకే వచ్చి ఎక్కించుకపోతది.

ఆ తల్లికి అడిగే హక్కు ఉంది. ఈ రాత ఆమెకు నేను చెప్పాల్సిన జవాబు. ఆమె ఇది చదవదు, ఆమెకు అక్షరం రాకుండ చేసిన్రు. కాబట్టి చెప్పేది ఆమెకే అయినా వినాల్సింది మీరు. మీరంటే ఎవరో మీకు తెలుసు. సర్కారు బళ్లు బాగుపడాలె అని పేపర్లల్ల వ్యాసాలు రాసేటోళ్లు. సర్కారు టీచర్లు పని జెయ్యరు అని చాయ్ హోటల్ల తీర్పులు చెప్పేటోళ్లు. తమ పిల్లలను ఒక్కరోజన్న సర్కారు బడి గేటు లోపలికి పంపనోళ్లు.

నేను మాదిగ ఆడదాన్ని. మా ఇంట్ల పది పాసైన మొదటి మనిషిని నేనే. మొదటి డిగ్రీ నాదే. మొదటి నెల జీతం నాదే. బోధన్ అవుతల ఒక ఊళ్లె, ఊరికి దక్షిణం దిక్కు ఉండే మాదిగిండ్లల్ల పుట్టిన. మంజీర మీద 1923 నుంచి 1931 దాకా నిజాంసాగర్ కట్టిన్రు. నీళ్లొచ్చినయి. నీళ్ల వెంబడి చెరుకొచ్చింది. చెరుకు వెంబడి శక్కర్‌నగర్ల ఫ్యాక్టరీ వచ్చింది. కృష్ణా, గుంటూరు దిక్కు నుంచి పైసలు పట్టుకొని వచ్చినోళ్లు భూములు కొని క్యాంపులు కట్టుకున్నరు. ఇన్ని వచ్చినా మా తాత చేతిలకు వచ్చింది చెరుకు నరికే కత్తి ఒక్కటే. మా బాపు ఫ్యాక్టరీల సీజన్ కూలి. గానుగాడినన్ని నెలలు బాయిలర్‌కు పిప్పి ఎత్తిపోసుడు, మిగిలిన నెలలు దొరికిన పని. మా అవ్వ బీడీలు చేసేది. ఆసియాలనే పెద్దది అని పేరు పడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగ మా ఇండ్ల మీదికి వచ్చేది గని, మా చాయల మాత్రం బెల్లమే పడేది.

1993ల నన్ను ఊరి బళ్లె వేసిన్రు. ఇరవై ముప్పై ఏండ్ల కింద ఇసొంటివి లేవమ్మా, అవన్నీ తాతల నాటి ముచ్చట్లు అంటరు కొందరు. వినుండ్రి. మా పంతులు మంచోడే. బాగనే చెప్పేటోడు. తప్పు చేస్తే అందరిని కొట్టేటోడు, అండ్ల తేడా లేదు. తేడా కొట్టుట్ల ఉండె. పటేండ్ల పిల్లలు తప్పు జేస్తే దగ్గరికి పిలిచి చెవి మెలిపెట్టేటోడు, చెంప మీద ఒకటేసేటోడు, మళ్ల ఏడిస్తే భుజం మీద చెయ్యేసి కూసోబెట్టేటోడు. మమ్ముల మాత్రం బెత్తంతోనే కొట్టేటోడు. అంత దూరం నుంచే. చెయ్యి జాపి. ఐదేండ్లల్ల ఆయన చెయ్యి ఒక్కనాడు నాకు తాకలేదు. పలక దిద్దాలంటే కింద పెట్టమనేటోడు. నేను పలక కింద పెట్టి రెండడుగులు ఎనుకకు జరిగితే, వంగి దిద్ది లేచేటోడు.

నాకు అప్పుడు ఏమనిపించేదో చెప్తే మీరు నవ్వుతరు. ఒక్కసారన్న నా చెవి మెలిపెడితే బాగుండు అనిపించేది. పక్క పిల్ల చెవి ఎర్రగైతే నాకు కుళ్లు పుట్టేది. ఇది చదువుకున్న పుస్తకాలల్ల అంటరానితనం గురించి నేను ఎక్కడా చూడలేదు. దెబ్బ కోసం కూడా ఆశపడే బతుకు ఒకటి ఉంటదని ఏ సాంఘికశాస్త్రం పుస్తకంల రాయలేదు. ఆ పుస్తకమే నేను ఇయ్యాల పిల్లలకు చెప్తున్న. పదిహేడో అధికరణం, అంటరానితనం రద్దు, 1950 జనవరి 26 నుంచి. బోర్డు మీద రాస్త. పిల్లలు రాసుకుంటరు. పరీక్షల రెండు మార్కులు.

నీళ్ల సంగతి సుత చెప్తా. బడి కుండ కాడ మేము దోసిలి పట్టాలె, ఇంకొకరు పైనుంచి పొయ్యాలె. పోసేటోడు రాకుంటే దూప తోనే ఉండాలె. అంబేద్కర్ తన చిన్నప్పటి సంగతులు రాసుకున్నడు. బడిల నల్లా తాను ముట్టొద్దని, ప్యూను తిప్పితేనే నీళ్లని, ఆయన లేనినాడు నీళ్లు లేవని. కూసునేటందుకు ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకునేదని. డిగ్రీల అది చదివిన్నాడు నాకు ఏడుపు రాలేదు, లెక్క వచ్చింది. ఆయన బడికి పోయి తొంభై ఏండ్లయినంక నేను పోయిన. రాజ్యాంగం రాసినాయన దూప, ఆ రాజ్యాంగం వచ్చి నలభై ఏండ్లు దాటినంక బడికి పోయిన పిల్ల దూప, రెండూ ఒక్కటే. 1985ల కారంచేడుల నెత్తురు పారింది కూడా తాగే నీళ్ల కాడ మొదలైన లొల్లితోనే. నీళ్లంటే మాకు ఈ దేశంల ఎప్పుడూ నీళ్లు కాదు.

ఆరుల బోధన్ హైస్కూల్ల చేరిన, ఎస్సీ హాస్టల్ల ఉన్న. హాస్టల్ బువ్వ గురించి మా కవులు, కథకులు చాన రాసిన్రు, నేను వేరే చెప్పేది లేదు. ఒక్కటే చెప్త. క్లాసుల స్కాలర్‌షిప్ లిస్టు పట్టుకొని వచ్చి, "ఎస్సీలు లేవుండ్రి" అనేటోళ్లు. లేచేది. లెక్క కుదరకపోతే మళ్లొకసారి లేపేది. ఇంటి పేరు తప్పు పడితే మళ్లొకసారి. పైసలు ఏడాదికి ఒకపారి వచ్చేటివి. నిలబెట్టుడు మాత్రం నెలకోసారి.

ఇంకోటి. ఒకనాడు పాఠం చదవమంటే "సదువు" అన్న. క్లాసంత నవ్వింది. సారు నాతోని ఇరవైసార్లు "చదువు" అనిపిచ్చిండు. అనుకుంట అనుకుంట నేను కూడా నవ్విన, అందరితోని కలిసి, మా అవ్వ మాట మీద. అందుకే 2022ల తెలంగాణ సర్కారు ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు, మాతృభాష ఏమైపోతదో అని గుండెలు బాదుకున్న పెద్దమనుషులను చూస్తే నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఎవరి మాతృభాష? ఏ తల్లిది? మా తల్లి భాషను బళ్లనుంచి బెత్తం పెట్టి ఎల్లగొట్టిన నాడు మీరు యాడ ఉన్నరు? మీ మనుమలు యాడ చదువుతున్నరు, ఏ మీడియంల? ఆ ఒక్క ముచ్చట మీ వ్యాసం కింద రాసి అప్పుడు మాకు చెప్పుండ్రి. ఇంగ్లీషు వస్తే మా పిల్లలు భాష మర్చిపోతరని మీ భయం కాదు. మీ పిల్లల పక్క కుర్చీల కూసుంటరని మీ భయం.

అట్లని సర్కారు ఇచ్చిన ఇంగ్లీషును నేను నెత్తిన పెట్టుకుంటలేను. ఎడమ పేజీల తెలుగు, కుడి పేజీల ఇంగ్లీషు ఉన్న పుస్తకం ఇచ్చిన్రు. మంచిదే. తెలుగు మీడియంల చదివి, తెలుగు మీడియంల పరీక్ష రాసి వచ్చిన మాకు కొన్ని వారాల ట్రైనింగ్ ఇచ్చి ఇగ చెప్పుండ్రి అన్నరు. నేను కుడి పేజీ చదివి ఎడమ పేజీ చెప్త. పిల్లలు ఎడమ పేజీ విని కుడి పేజీ బట్టీ కొడతరు. పేదోళ్లకిచ్చే ఏ సామానైనా ఇంతే. పేరు అదే ఉంటది, సరుకు వేరే ఉంటది.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తున్న.

మా ఊరి బళ్లె మమ్ముల తలుపు కాడ కూసోబెట్టిన్రు నిజమే. కానీ ఆ బళ్లెనే పటేలు కొడుకు కూడా కూసున్నడు. క్యాంపులనుంచి చౌదరి గారి మనుమరాలు వచ్చేది. కోమటాయన పిల్లలు వచ్చేటోళ్లు. అందుకే పంతులు టైముకు వచ్చేటోడు. వానకు కప్పు కురిస్తే సర్పంచి పెంకలు పంపేటోడు, మా కోసం కాదు, వాని కొడుకు తడుస్తడని. బోరింగు చెడిపోతే రెండు రోజులల్ల మెకానిక్ వచ్చేటోడు. మేము మూలకు కూసోని ఆ కప్పు కిందనే చదువుకున్నం, ఆ బోరింగు నీళ్లే దోసిలి పట్టి తాగినం.

నేను బడి మారుకుంట పైకి పోయినట్టే వాళ్లు ఒక్కొక్కరు బడి ఇడిసిపెట్టుకుంట పోయిన్రు. మొదలు క్యాంపులోళ్లు బోధన్ కాన్వెంటుకు, తర్వాత పటేండ్లు నిజామాబాద్‌కు, తర్వాత కొంచెం పైసలున్న బీసీలు, ఆఖరికి ఎక్కడో ఒక నౌకరీ దొరికిన మావోళ్లు. కట్నానికి ఎకరం అమ్మినట్టే ఫీజులకు ఎకరం అమ్ముడు మొదలైంది. వాళ్లు పోయినంక బడిని అడిగేటోడు పోయిండు. కప్పు కురిసినా ఎవని కొడుకు తడుస్తడు? బోరింగు చెడితే ఎవని బిడ్డ దూపకు ఎండుతది? పాత బళ్ల అంటరానితనం క్లాసు రూముల ఉండె, తలుపుకు నల్లబల్లకు నడుమ. ఇప్పుడు అది బయటికి వచ్చి గేటు కాడ నిలబడ్డది. అప్పుడు మాకు బెంచీ వేరు. ఇప్పుడు బడే వేరు. దీన్ని ఎవరూ అంటరానితనం అనరు. పేరెంట్స్ చాయిస్ అంటరు.

నాతోని చదివిన ఊరు మొత్తం ఇట్లనే చెదిరింది. ఫ్యాక్టరీ 2002ల సగానికి పైన వాటా ప్రైవేటుకు పోయింది, 2015 డిసెంబర్ల గేటు మూతపడ్డది. కూలి పోయిన ఇండ్లల్లనుంచి గల్ఫుకు పోయేటోళ్లు పోయిన్రు, మిగిలినోళ్లు నిజామాబాద్ వచ్చి కంఠేశ్వర్ గల్లీలల్ల తేలిన్రు. వాళ్ల పిల్లలే ఇయ్యాల నా క్లాసుల ఉన్నరు. హాజరు పట్టీ తీస్తే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ. ఓసీ గడిల గీత ఉంటది. ఎప్పుడన్న ఒకరుంటే వాళ్లది చితికిన ఇల్లు అయి ఉంటది. పదమూడేండ్ల సర్వీసుల ఒక డాక్టర్ బిడ్డకు నేను పాఠం చెప్పలేదు. ఒక లాయర్ కొడుకుకు చెప్పలేదు. ఒక టీచర్ బిడ్డకు చెప్పలేదు.

సర్కారు బళ్లు అని ఒక్క మాట అంటరు గని సర్కారు బళ్లల్ల మళ్ల నాలుగు వర్ణాలున్నయి. సెంట్రల్ నౌకరీ ఉన్నోళ్లకు కేంద్రీయ విద్యాలయం. పరీక్ష రాసి గెలిచినోళ్లకు నవోదయ. ఐదో తరగతికి గురుకులం. ఆరో తరగతికి మోడల్ స్కూల్. ఒకదానికి నౌకరీ కావాలె, మిగిలినయిటికి ఎంట్రెన్సులున్నయి. ఇవేవీ అడగని బడి మాది. ఏటా నేనే దగ్గరుండి చురుకైన పిల్లల చేత గురుకులం ఫారాలు నింపిస్త. సీటొస్తే మిఠాయి పంచుత. జూన్ల వాళ్లు పోతరు. రసం పిండుకొని పోయినంక పిప్పిని బాయిలర్ల ఎట్లేస్తరో మా బాపు చెప్పేటోడు. మా బళ్లె మిగిలినోళ్లను చూసి మా ఆఫీసర్లు అదే చూపు చూస్తరు. రిజల్ట్ ఎందుకు తక్కువొచ్చింది అని మీటింగుల నిలబెట్టి అడుగుతరు. నేను చెప్తున్న, నా పిల్లలు పిప్పి కాదు. పరీక్షనాడు జరమొచ్చినోళ్లు, ఫారం నింపేటోడు లేనోళ్లు, తమ్మున్ని ఎత్తుకునేటందుకు ఇంటికాడ ఉండిపోయినోళ్లు. తెలివి తక్కువ కాదు, తోడు తక్కువ.

ఈ మాట అంటే వెంటనే పూర్ణ పేరు ఎత్తుతరు. మా జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంల చదివి, పద్నాలుగేండ్లు నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆ పేరు వింటే నా ఒళ్లు పులకరిస్తది, నా క్లాసుల ఆమె ఫోటో ఉంది. కానీ ఆమె ఎక్కిన కొండను తెచ్చి మా నోళ్లకు అడ్డం పెడితే ఒప్పుకోను. ఆమె ఎక్కలేదా, మీ పిల్లలకేమైంది అని అడుగుతరు. మీ పిల్లలు మనుషులుగ బతకాలంటే ఎవరెస్టు ఎక్కాలె అని ఎవరన్న అడిగిన్రా? వాళ్లకు మెట్లెక్కితే సాలు, లిఫ్టెక్కితే సాలు. మావోళ్లకు మాత్రం ఎవరెస్టు కావాలె.

స్టాఫ్ రూం గురించి కూడా రాయాలె. 2012 డీఎస్సీల సెలెక్టయి జాయినైన మొదటి రోజు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మేడం, మీది రిజర్వేషనా, ఓపెనా?" బీఈడీ యాడ చేసినవని కాదు, ఏ పాఠం ఇష్టమని కాదు. కంఠేశ్వర్ల ఇల్లు కిరాయికి అడిగితే కూడా మొదటి ప్రశ్న ఇంటి పేరే. రెండు చోట్ల నేను ఒకటే మొఖం పెట్టిన. పగటీలి అన్నం తినేకాడ, "మీరు నీసు తెస్తరు కద మేడం, అటు కూసుంటే ఫ్రీగుంటది" అంటరు. నేను తెచ్చింది చిక్కుడుకాయ. బళ్లల్ల వంటకు దళితులను మొదలు తీసుకోవాలని 2004 ఏప్రిల్ల సుప్రీంకోర్టు చెప్పింది. మీ మండలంల ఎన్ని బళ్లల్ల మావోళ్ల చేతి వంట తింటున్నరో ఒకసారి లెక్క తీసి చూడుండ్రి.

ఇవన్నీ వాళ్ల మీద చెప్పినయి. నా మీదది ఒకటుంది. రాయాల్నా వద్దా అని రెండు రోజులు ఆగిన.

కరోనా తర్వాత బళ్లు తెరిచినప్పుడు ఊడ్చేటోళ్లు లేరు. గదులు, దొడ్లు ఎవరు సాఫు చెయ్యాలె? పిల్లలతోనే ఊడిపిచ్చిన్రు. ఏ పిల్లలతోని? మా సారు ఒకాయన ప్రతిసారి ఒకే పోరన్ని పిలిచేటోడు. వాని అవ్వ మున్సిపాలిటీల పనిజేస్తది. నేను అడిగితే, "వానికి అలవాటే కద మేడం" అన్నడు. స్టాఫ్ రూంల లొల్లి చేసిన. హెచ్చెమ్ ముందట పెట్టిన. ఆ సారు నాతోని నెల రోజులు మాట్లాడలేదు. బాగనే గెలిచిన అనుకున్న.

ఆ తర్వాత కొన్ని రోజులకు నా క్లాసులనే ఒక పిల్ల వాంతి చేసుకున్నది. నలభై మంది ఉన్నరు. నేను పాఠం నడుమ ఉన్న. సుద్దముక్క చేతిలనే ఉంది. నా నోట్లనుంచి ఒక పేరు వచ్చింది. ఆ పోరని పేరే. వాడు లేచి, ఏమనకుండ, మట్టి తెచ్చి పోసి, అట్టముక్కతోని ఎత్తి, కడిగి, వచ్చి కూసున్నడు. నేను పాఠం పూర్తి చేసిన. సాయంత్రం బస్టాండు కాడ యాదికొచ్చింది. నలభై పేర్లల్ల ఆ పేరే ఎందుకు వచ్చింది? నన్ను ముట్టకుండ ఐదేండ్లు చదువు చెప్పిన పంతులు మీద ముప్పై ఏండ్లనుంచి కోపం మోస్తున్న. మనువు ఎక్కడో పుస్తకంల ఉన్నడని పిల్లలకు చెప్తున్న. వాడు నా నాలుక మీద కూసున్నడు. తెల్లారి ఆ పోరన్ని పిలిచి చెయ్యి పట్టుకొని, తప్పైంది బిడ్డా అన్న. వానికి అర్థం కాలేదు. "ఏమైంది టీచర్?" అన్నడు. వానికి అర్థం కాకపోవుడే అన్నిటికంటే పెద్ద దెబ్బ.

2020ల బళ్లు మూసినప్పటి సంగతి చెప్పకపోతే లెక్క సాంతం కాదు. సెప్టెంబర్ 1 నుంచి టీవీల పాఠాలు మొదలైనయి, యాదగిరిల, టీ-శాట్ల. మేము ఇంటింటికి పోయి పిల్లలు చూస్తున్నరా లేదా రాసుకోవాలె. నా బిడ్డకు అప్పుడు నాలుగేండ్లు, నా ఫోన్ల పాటలు చూసేది. నా క్లాసు పిల్లల ఇండ్లల్ల ఫోను ఒకటి, అది నాయిన జేబుల పొద్దున పోయి రాత్రికి వచ్చేది. టీవీ రీచార్జి అయిపోయిన ఇండ్లున్నయి. నేను రిజిస్టర్ల "చూసినారు" అని రాసిన. అందరం రాసినం. పైకి పోయిన లెక్కలు చక్కగ ఉన్నయి. మళ్ల బళ్లు తెరిచేసరికి ఇద్దరు ఆడపిల్లలకు పెండ్లిళ్లయినయి.

చట్టాలు లేవా? ఉన్నయి. 1964ల వేసిన కొఠారి కమిషన్ 1966ల రిపోర్టు ఇచ్చింది. ఒక చోట ఉండే పిల్లలందరు, ఉన్నోడు లేనోడు, ఒకే బళ్లె చదవాలె, కామన్ స్కూల్ కావాలె అన్నది. పుస్తకం బీరువలకు పోయింది. 2009ల విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ప్రైవేటు బళ్లల్ల నాలుగుల ఒక సీటు పేద పిల్లలకు ఇయ్యాలె అన్నది. 2012ల సుప్రీంకోర్టు సరే అన్నది. మా దిక్కు ఏండ్లకేండ్లు ఆ సీటు ఎవరికీ దొరకలేదు. దొరికినా నాకు సంబురం లేదు. నలుగురిల ఒకన్ని తీసుకపోతే ముగ్గురికి ఏం జవాబు చెప్తరు? 2015 ఆగస్టు 18న అలహాబాద్ హైకోర్టు ఇంకో ముచ్చట చెప్పింది. సర్కారు ఖజానానుంచి జీతం తీసుకునేటోళ్లంత, ఆఫీసర్లు, లీడర్లు, జడ్జీలు, తమ పిల్లలను సర్కారు బళ్లెనే వెయ్యాలె అని. పదేండ్లయింది. ఆ తీర్పు కాగితం మీదనే పండుకున్నది. ఎక్కడన్న ఒక ఆఫీసర్ తన బిడ్డను అంగన్‌వాడీకి తోలితే పేపర్ల ఫోటో వేస్తరు. అది వార్త అయిందంటేనే మిగిలిన కథంత అందులనే ఉంది.

మరి నువ్వు? అని మీరు అడుగుతరు. అడగాలె.

నేను నా బిడ్డను ప్రైవేటు బళ్లె ఎందుకు వేసిన్నో చెప్త. ఇంగ్లీషు కోసం కాదు. అక్కడ చదువు గొప్పదని సుత కాదు. ఆ టీచర్లల్ల చానమంది నాకంటె తక్కువ చదివినోళ్లే, నా జీతంల నాలుగో వంతు కూడ రాదు వాళ్లకు. నేను వేసింది ఒక్కదానికి. నా బిడ్డను ఎవరూ "లేవు" అని నిలబెట్టొద్దు. దాని చేతికి చీపురు ఇయ్యొద్దు. ఎవరితోని కూసున్నవంటే ఎవరితోనన్న అని చెప్పాలె. జీతంల సగం పోయినా సరే అనుకున్న. ఇది ఆశ కాదు, భయం. మాదిగిండ్లనుంచి పారిపోయి వచ్చిన మనిషి భయం.

పోయిన చలికాలంల ఒకనాడు బస్సు దిగి వచ్చి బ్యాగు కింద పెట్టకముందే అడిగింది. "మమ్మీ, ఎస్సీ అంటే ఏంది?" ఎవరన్నరే అంటే, పక్క పిల్ల అన్నదంట, మీరు ఎస్సీలంట కద, మీకు అన్నీ ఫ్రీగ వస్తయంట, మా డాడీ చెప్పిండు అని. ఫీజు కట్టిన రసీదు అప్పుడు నా పర్సులనే ఉంది. మొత్తం, బస్సు పైసలతో సహా. అడ్మిషన్ ఫారంల కులం గడి నింపింది నేనే. ఆ గడి ఆఫీసు బీరువలనుంచి నాలుగో తరగతి బెంచీ మీదికి ఎట్ల నడిచి వచ్చిందో నాకు తెలువది. నేను సాంఘికశాస్త్రం టీచర్ని. పదిహేడో అధికరణం పదమూడేండ్లనుంచి చెప్తున్న. నా బిడ్డకు చెప్పేటందుకు నాకు ఒక్క వాక్యం దొరకలేదు. ముందు అన్నం తిను అన్న.

అంటే పారిపోయేటందుకు జాగ లేదన్నట్టు. పైసలు పెట్టి కొన్న బళ్లెకు అది నాకంటే ముందే పోయి కూసున్నది. ఇక్కడైతే కనీసం నేనున్న. నా పిల్లలు నలభై మందున్నరు, వాళ్లల్ల ఎవరూ దాన్ని ఆ మాట అడగరు, అడిగితే అందరు అందరినీ అడగాలె. కానీ ఇక్కడ వేస్తే లెక్కల సారు పోస్టు రెండేండ్లనుంచి ఖాళీ. ఆడపిల్లల దొడ్డికి గడియ లేదు. ఈ రెండూ అబద్ధం కాదు గద. ఒక దిక్కు నా బిడ్డ లెక్కలు, ఒక దిక్కు నా బిడ్డ మొఖం. ఏది ఇడవాలె? ఈ ప్రశ్న ఏ చౌదరి గారికీ, ఏ రెడ్డి గారికీ రాదు. వాళ్లకు బడి వెతుకుడంటే బస్సు రూటు చూసుకునుడే. మా సర్కారు టీచర్లను మాత్రమే నిలబెట్టి మీ పిల్లలను యాడ వేసిన్రు అని అడిగే పెద్దమనుషులారా, మీది మొదలు చెప్పుండ్రి. కలెక్టర్ది, మంత్రిది, ఎడిటర్ది, విప్లవ రచయితది అన్నీ బయట పెట్టుండ్రి, నాది సుత పెడత. ఆ గల్లీ తల్లి ఒక్కతి ముందటనే నేను తల దించుకుంట. మీ ముందట దించ.

ఆమె సంగతి చెప్పలేదు. ఆమె చివరికి పోరన్ని ప్రైవేటు బళ్లె వేసింది. నెలకు నూటికి మూడు మిత్తికి అప్పు తెచ్చి ఫీజు కట్టింది. పోరిని మా బడికి తోలింది. ఇది ఆమె ఒక్కతి పని కాదు, ఆ గల్లీల ఏ ఇల్లు చూసినా అంతే. కొడుకుకు బస్సు, బిడ్డకు నడక. ఆ పిల్ల ఇప్పుడు నా ఆరో తరగతిల మొదటి వరుసల కూసుంటది. అచ్చం నేనే. "సదువు" అంటది. నేను దిద్దలేదు.

మా ఇంట్ల లొల్లి నడుస్తున్నది. టీసీ కోసం దరఖాస్తు రాసి పెట్టిన. నేను సంతకం చేసిన. మా ఆయన చెయ్యలేదు. ఆయన కూడా మావాడే, హాస్టల్ల చదివిన మనిషే. "నీ ఉద్యమానికి నా బిడ్డే దొరికిందా?" అన్నడు. ఆ మాట తప్పని నేను అనలేను. దరఖాస్తు బీరువల చీరెల కింద ఉంది. జూన్ల మళ్ల బడిబాట. అదే గల్లీకి పోవాలె.